నేల కలుపుకోవడం ఆగాక మొదలైన పెత్తనం

1783లో పారిస్ ఒప్పందం మీద సంతకాలయ్యేనాటికి అమెరికా అంటే అట్లాంటిక్ తీరం నుంచి మిసిసిపి నది దాకా ఉన్న నేల మాత్రమే. మరో 70 ఏళ్లకు దాని పడమటి సరిహద్దు పసిఫిక్ మహాసముద్రం అయింది. వైశాల్యం సుమారు 23 లక్షల చదరపు కిలోమీటర్ల నుంచి 78 లక్షలకు పెరిగింది. అందులో కొంత కొన్నది, కొంత యుద్ధం చేసి లాక్కున్నది, కొంత బ్రిటన్‌తో బేరమాడి పంచుకున్నది. ఎలా వచ్చినా సరే, అలా వచ్చిన నేలలో చెప్పుకోదగ్గ ముక్క ఏదీ మళ్లీ చేజారలేదు.

ఇదంతా ఆధిపత్యమేనా అన్నది పాత చర్చ. అవునని ఒక్క మాటలో తేల్చేస్తే రెండు వేర్వేరు సంగతులు కలగాపులగం అవుతాయి. ఆధిపత్యం చెల్లాలంటే అవతల ఇంకొకరు మిగిలి ఉండాలి. వాళ్ల జెండా, వాళ్ల ప్రభుత్వం, వాళ్ల ఎన్నికలు అన్నీ ఉంటాయి. కానీ ఎక్కడిదాకా వెళ్లవచ్చు, ఎక్కడ ఆగాలి అన్న గీత మాత్రం వేరేవాళ్లు గీస్తారు. ఆ గీత లోపల ఉండటం వల్ల బలహీనుడికీ కొంత లాభం ఉంటుంది కాబట్టి సగం భయంతో, సగం ఇష్టంతో ఒప్పుకుంటాడు. ఉత్తర అమెరికా ఖండంలో జరిగింది ఇది కాదు. అక్కడ అవతలివాడు మిగల్లేదు. అమెరికా ఆధిపత్యం నేల కలుపుకున్న దశలో పుట్టలేదు. కలుపుకోవడం ఇక కుదరదనీ, లాభం లేదనీ అనిపించిన దశలో, దానికి బదులుగా తయారైంది.

ముందు ఖండంలోని కథ చూడాలి. 1803లో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ మనుషులు ఫ్రాన్స్‌కు వెళ్లింది న్యూ ఆర్లీన్స్ రేవు కోసం. నెపోలియన్ మొత్తం లూసియానా ప్రాంతాన్నే అమ్ముతానన్నాడు. ఫ్రాన్స్ వలసైన హైతీలో తిరగబడ్డ బానిసలు, వాళ్లకు తోడు పచ్చజ్వరం కలిసి అతని సైన్యాన్ని తుడిచిపెట్టాయి. హైతీ చక్కెర తోటలు లేకపోతే మిసిసిపి పడమటి నేలతో ఫ్రాన్స్‌కు పనేముంది? పైగా బ్రిటన్‌తో యుద్ధం మళ్లీ ముంచుకొస్తోంది, డబ్బు కావాలి. 1.5 కోట్ల డాలర్లకు సుమారు 21 లక్షల చదరపు కిలోమీటర్లు చేతులు మారాయి. ఆ అప్పు సమకూర్చిన బ్యాంకుల్లో ఒకటి లండన్‌లోని బేరింగ్స్. అంటే బ్రిటన్‌తో నెపోలియన్ చేయబోయే యుద్ధానికి సొమ్ము బ్రిటిష్ బ్యాంకు ద్వారానే వెళ్లింది. వ్యాపారానికి దేశభక్తి ఎప్పుడూ అంత అడ్డం రాదు.

ఈ బేరంలో అసలు సంగతి ధర కాదు. ఫ్రాన్స్ అమ్మిన నేలలో ఎక్కువ భాగం ఏ ఫ్రెంచివాడూ కాలు పెట్టనిది. అక్కడ ఉన్నవాళ్లు ఓసేజ్, లకోటా, పానీ వంటి జాతులు. వాళ్లను ఎవరూ అడగలేదు. అమెరికా కొన్నది భూమిని కాదు, ఆ భూమిని మూలవాసుల నుంచి తీసుకునే పోటీలో వేరే ఐరోపా రాజ్యం అడ్డురాదన్న హామీని. ఇరవై ఏళ్ల తర్వాత, 1823లో, అమెరికా సుప్రీంకోర్టు ఈ తర్కాన్ని చట్టంగా మార్చింది. ‘కనుగొన్న’ దేశానిదే భూమి మీద హక్కు, అక్కడ ఉంటున్నవాళ్లకు ఉండే వీలు మాత్రమే ఉంటుంది అని.

వలస వచ్చిన తెల్లవాళ్ల విషయంలో మాత్రం అమెరికా ఐరోపా సామ్రాజ్యాల కంటే భిన్నంగా నడిచింది. 1787 నాటి నార్త్‌వెస్ట్ ఆర్డినెన్స్ ప్రకారం ఒక ప్రాంతంలో స్వేచ్ఛా పౌరులు 60,000 మంది అయితే అది రాష్ట్రం కావచ్చు. రాష్ట్రమైతే పాత రాష్ట్రాలతో సమాన హోదా, సెనేట్‌లో రెండు సీట్లు. లండన్ తన వలసలకు ఎన్నడూ ఇవ్వని హక్కు ఇది. అందుకే చాలామంది అమెరికన్లు తమది సామ్రాజ్యం కాదని ఈనాటికీ మనస్ఫూర్తిగా నమ్ముతారు. కొత్త నేలకు వెళ్లిన వాళ్ల ముత్తాతలు ప్రజలుగా వెళ్లి ఓటర్లుగా స్థిరపడ్డారు, ఎవరికీ లోబడలేదు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు, సగం నిజం.

మిగతా సగం చెరోకీల దగ్గర కనిపిస్తుంది. తెల్లవాళ్లు ‘నాగరికత’ అని దేన్ని అన్నారో దాన్నంతా వాళ్లు నేర్చుకున్నారు. సెక్వోయా అనే చెరోకీ తన భాషకు లిపి కట్టాడు. 1827లో రాజ్యాంగం రాసుకున్నారు, మరుసటి ఏడాది పత్రిక పెట్టారు. 1832లో సుప్రీంకోర్టులో వాళ్ల పక్షాన తీర్పు కూడా వచ్చింది, వాళ్ల నేల మీద జార్జియా రాష్ట్ర చట్టాలు చెల్లవని. అయినా 1838లో సైన్యం వచ్చి దాదాపు 16,000 మందిని ఇళ్ల నుంచి తరిమి ఇప్పటి ఓక్లహామాకు నడిపించింది. దారిలో, శిబిరాల్లో సుమారు 4,000 మంది చనిపోయారని అంచనా. ఆధిపత్యం లక్ష్యం లొంగదీసుకోవడం అయితే చెరోకీలు అప్పటికే చాలావరకు లొంగారు. కానీ కావలసింది లొంగుబాటు కాదు. పత్తి పండే ఆ నేల కావాలి, దాని మీద వాళ్లు ఉండకూడదు. బతికిపోయిన జాతులకు మిగిలిన భూమి కూడా నిలవలేదు. 1887లో ఉమ్మడి భూములను ముక్కలు చేసి మనిషికింత అని పంచే చట్టం తెచ్చారు. ఆనాడు వాళ్ల చేతిలో 13.8 కోట్ల ఎకరాలు ఉంటే 1934 నాటికి 4.8 కోట్లే మిగిలాయి. సౌత్ డకోటాలోని బ్లాక్ హిల్స్‌ను అన్యాయంగా తీసుకున్నారని 1980లో సుప్రీంకోర్టే ఒప్పుకుని, పరిహారం ఖరారు చేసింది. వడ్డీతో కలిపి అది ఇప్పుడు వంద కోట్ల డాలర్లు దాటింది. లకోటాలు తీసుకోలేదు, నేలే కావాలంటున్నారు. నలుగురు అధ్యక్షుల ముఖాలు చెక్కిన మౌంట్ రష్‌మోర్ ఉన్నది ఆ కొండల్లోనే.

మెక్సికోతో యుద్ధం దగ్గర ఈ విస్తరణ తన హద్దును తానే కనిపెట్టింది. మెక్సికో నుంచి విడిపోయిన టెక్సస్‌ను 1845లో కలుపుకున్నారు. మరుసటి ఏడాది సరిహద్దు తగాదా సాకుతో అధ్యక్షుడు జేమ్స్ పోల్క్ యుద్ధానికి దిగాడు. అమెరికా గడ్డ మీద రక్తం చిందిందంటున్నారు కదా, ఆ గడ్డ ఎక్కడుందో చూపించండని ఇల్లినాయ్ నుంచి వచ్చిన ఒక కొత్త సభ్యుడు సభలో నిలదీశాడు. అతని పేరు అబ్రహాం లింకన్. ఆ యుద్ధంలో కుర్ర అధికారిగా పోరాడిన యులిసిస్ గ్రాంట్, తర్వాత అధ్యక్షుడయ్యాక కూడా, దాన్ని బలవంతుడు బలహీనుడి మీద చేసిన అతి అన్యాయమైన యుద్ధాల్లో ఒకటనే రాశాడు. 1848 ఫిబ్రవరి 2 నాటి ఒప్పందంతో కాలిఫోర్నియా, నెవాడా, యూటా, మరికొన్ని ప్రాంతాలు 1.5 కోట్ల డాలర్లకు అమెరికావయ్యాయి. అంతకు తొమ్మిది రోజుల ముందే కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది. ఆ కబురు సంతకాలు పెట్టినవాళ్లకు ఇంకా అందలేదు. టెక్సస్‌తో కలిపి లెక్కేస్తే మెక్సికో సగానికి పైగా భూభాగం పోగొట్టుకుంది. ఈ రోజు తెలుగువాళ్లు ఇళ్లు కొనుక్కుని, సంక్రాంతి ముగ్గుల పోటీలు పెట్టుకుంటున్న డాలస్ శివార్లూ, ఫ్రీమాంట్, సన్నీవేల్ లాంటి ఊళ్లూ ఉన్నది ఆ నేల మీదనే.

అమెరికా సైన్యం అప్పుడు మెక్సికో నగరంలోనే ఉంది. మొత్తం దేశాన్ని కలిపేసుకుందామని ఒక వర్గం గట్టిగా అడిగింది. ఎందుకు కలుపుకోలేదు? దక్షిణాది నాయకుడు జాన్ కాల్‌హౌన్ సెనేట్‌లో దాపరికం లేకుండా చెప్పాడు. మనది తెల్లజాతి ప్రభుత్వం, లక్షలాది ఇండియన్లను (అక్కడి మూలవాసులను), మిశ్రమ జాతులవాళ్లను సమాన పౌరులుగా ఎలా చేర్చుకుంటాం అని. అందుకే జనం పలచగా ఉన్న ఉత్తర సగాన్ని ఉంచుకుని, జనం ఉన్న దక్షిణాన్ని వదిలేశారు. నేల కావాలి, మనుషులు వద్దు. కలుపుకుంటే రాష్ట్రం చేయాలి, రాష్ట్రం చేస్తే ఓటివ్వాలి. ఈ చిక్కు ఆ తర్వాతి యాభై ఏళ్లూ వెంటాడింది. ఇదే గ్రాంట్ అధ్యక్షుడిగా శాంటో డొమింగోను (ఇప్పటి డొమినికన్ రిపబ్లిక్) కలుపుకుందామని ఒప్పందం తెస్తే, 1870లో సెనేట్ 28–28 ఓట్లతో దాన్ని పడగొట్టింది. జనం బాగా పలచగా ఉన్న అలాస్కాను మాత్రం 1867లో 72 లక్షల డాలర్లకు కొనేశారు. అసలు మనుషులే లేని దీవులైతే మరీ తేలిక. పక్షి రెట్ట ఎరువుగా పనికొస్తుందని, అది పేరుకుపోయిన ఖాళీ దీవి ఏ అమెరికన్ పౌరుడికి కనిపించినా అమెరికాదిగా చేసుకోవచ్చని 1856లో ఏకంగా చట్టమే చేశారు. ఆ చట్టం ఇప్పటికీ పుస్తకాల్లో ఉంది.

1898లో స్పెయిన్‌తో యుద్ధం గెలిచాక ఈ చిక్కు తప్పించుకోలేనిదైంది. క్యూబా, ప్యూర్టోరికో, గువామ్, ఫిలిప్పీన్స్ ఒకేసారి చేతిలో పడ్డాయి. అదే ఏడాది హవాయిని కూడా కలుపుకున్నారు. అక్కడి రాణి లిలియువోకలానిని చక్కెర తోటల వర్గం 1893లోనే, అమెరికా నావికదళం అండతో, గద్దె దించింది. దానికి అమెరికా కాంగ్రెస్ క్షమాపణ చెప్పింది సరిగ్గా నూరేళ్ల తర్వాత. ఫిలిప్పీన్స్‌ను 2 కోట్ల డాలర్లకు తీసుకునే ఒప్పందం సెనేట్‌లో 57–27తో, కావలసిన మూడింట రెండొంతుల కంటే ఒక్క ఓటు ఎక్కువతో గట్టెక్కింది. ఎమీలియో అగినాల్డో నాయకత్వంలో అప్పటికే స్వతంత్రం ప్రకటించుకున్న ఫిలిప్పినోలు ఎదురు తిరిగారు. 1902 దాకా నడిచిన యుద్ధంలో 4,200 మంది అమెరికన్ సైనికులు, 20,000కు పైగా ఫిలిప్పినో పోరాట యోధులు చనిపోయారు. కరువు, కలరా, హింస కలిసి బలిగొన్న సామాన్యులు 2 లక్షల వరకు ఉంటారని అంచనా. ఇది పక్కా వలస పాలన, ఏ నిర్వచనం వెతికినా మరో పేరు దొరకదు.

మరి రాజ్యాంగం సంగతేమిటి? జెండా ఎగిరిన చోటల్లా రాజ్యాంగం చెల్లుతుందా అన్న ప్రశ్న నారింజ పళ్ల రూపంలో కోర్టుకెక్కింది. ప్యూర్టోరికో నుంచి న్యూయార్క్‌కు పళ్లు తెచ్చిన వ్యాపారి దగ్గర సుంకం వసూలు చేశారు. సొంత దేశపు సరుకు మీద సుంకమేమిటని అతను కేసు వేశాడు. 1901లో సుప్రీంకోర్టు సుంకం సబబేనంది. ఒక న్యాయమూర్తి మాటల్లో ప్యూర్టోరికో ‘దేశీయ అర్థంలో విదేశం’. అమెరికా సొత్తే, కానీ అమెరికా కాదు. ఈ తిరకాసు ఇప్పటికీ తేలలేదు. 30 లక్షలకు పైగా ఉన్న ప్యూర్టోరికన్లు 1917 నుంచి అమెరికా పౌరులే. దీవిలో ఉంటే అధ్యక్షుడికి ఓటు వేయలేరు. విమానమెక్కి ఫ్లోరిడాలో స్థిరపడితే వేయగలరు. కాంగ్రెస్‌లో వాళ్ల ప్రతినిధి మాట్లాడవచ్చు, బిల్లుల మీద తుది ఓటు లేదు. నాటి తీర్పులను కొట్టేయాలని 2022లో నీల్ గోర్సచ్ అనే సుప్రీంకోర్టు న్యాయమూర్తే రాశాడు. అయినా అవి చెల్లుతూనే ఉన్నాయి.

క్యూబా విషయంలో దొరికిన దారి వేరు. అసలు ఆధిపత్యం ఇక్కడే పుట్టిందని చెప్పాలి. క్యూబాను కలుపుకోబోమని యుద్ధానికి ముందే కాంగ్రెస్ మాటిచ్చింది, ఆ మాట నిలబెట్టుకుంది కూడా. కానీ సైన్యం వెనక్కి వెళ్లాలంటే ప్లాట్ సవరణను క్యూబా తన రాజ్యాంగంలో చేర్చుకోవాలని 1901లో షరతు పెట్టింది. దాని ప్రకారం క్యూబా తన స్వాతంత్ర్యానికి భంగం కలిగే ఒప్పందాలు వేరే దేశాలతో చేసుకోకూడదు, తాహతుకు మించి అప్పు చేయకూడదు, అవసరమనుకుంటే అమెరికా జోక్యం చేసుకోవచ్చు, నౌకా స్థావరాలకు చోటివ్వాలి. తెలుగు పాఠకుడికి ఇది వినగానే వెల్లస్లీ సైన్య సహకార పద్ధతి గుర్తుకొస్తుంది. 1798లో దానికి ఒప్పుకున్న నిజాం గద్దె మీదే ఉన్నాడు, దర్బారు నడిచింది, కానీ రెండేళ్లకే ఆ సైన్యం ఖర్చు కింద కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాలను కంపెనీకి దత్తం చేయాల్సి వచ్చింది. క్యూబా ఇవ్వాల్సి వచ్చింది గ్వాంటనామో. ఏటా 4,085 డాలర్ల అద్దె చెక్కు ఇప్పటికీ వెళుతోంది. 1959లో విప్లవం వచ్చాక, ఆ తొలి ఏడాది పొరపాటున మార్చుకున్న ఒక్కటి తప్ప, క్యూబా ప్రభుత్వం దేన్నీ బ్యాంకులో వేయలేదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే ఆ లీజు ముగుస్తుందని 1934 ఒప్పందంలో రాసుకున్నారు మరి.

ఈ పద్ధతి ఎంత చవకో వాషింగ్టన్‌కు త్వరగానే తెలిసింది. 1903లో కొలంబియా నుంచి పనామా విడిపోవడానికి అండగా నిలిచి కాలువ ప్రాంతాన్ని దక్కించుకున్నారు. మరుసటి ఏడాది థియోడర్ రూజ్‌వెల్ట్, లాటిన్ అమెరికా దేశాలు అప్పులు తీర్చలేక గందరగోళంలో పడితే పోలీసు పని తమదేనని ప్రకటించాడు. హైతీ, నికరాగువా, డొమినికన్ రిపబ్లిక్‌లకు సైన్యం వెళ్లి ఏళ్ల తరబడి తిష్ఠ వేసింది. కస్టమ్స్ వసూళ్లు చేతిలోకి తీసుకుంది. కానీ వాటిలో ఒక్కదాన్నీ రాష్ట్రం చేయలేదు, చేయాలనుకోలేదు కూడా.

1945 తర్వాత ఇది ప్రపంచవ్యాప్తమైంది. చరిత్రలో ఏ దేశానికీ లేనంత బలం చేతిలో ఉన్నప్పుడు, 1946 జులై 4న, అమెరికా ఫిలిప్పీన్స్‌కు స్వాతంత్ర్యం ఇచ్చింది. ఉదారమే, కాదనలేం. అయితే మరుసటి ఏడాదే 99 ఏళ్లకు సైనిక స్థావరాలు రాయించుకుంది. ఆపైన మాత్రం పాత సామ్రాజ్యాల్లో ఊహించలేనిది ఒకటి జరిగింది. 1991లో ఫిలిప్పీన్స్ సెనేట్ 12–11 ఓట్లతో సూబిక్ బే స్థావరం కొనసాగింపును తిరస్కరించింది. మరుసటి ఏడాది అమెరికా నౌకాదళం సర్దుకుని వెళ్లిపోయింది. వలస అయితే అలా వెళ్లదు. తర్వాత చైనా భయం పెరిగి 2014లో ఫిలిప్పీన్సే మళ్లీ ఒప్పందం చేసుకుని పిలిచింది. సమ్మతి అనేది బూటకం కాదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అలాగని సమ్మతిని మరీ పెద్దది చేసి చూపించకూడదు. 1953లో ఇరాన్‌లో ప్రధాని మొసాదెక్‌ను, 1954లో గ్వాటెమాలాలో అధ్యక్షుడు అర్బెంజ్‌ను సీఐఏ కుట్రలతో దించారు. ఇద్దరూ ఓట్లతో వచ్చినవాళ్లే. మార్షల్ దీవుల్లో 1946–58 మధ్య 67 అణు పరీక్షలు చేశారు, 1947లో ఐక్యరాజ్యసమితి ఆ దీవులను పెట్టింది అమెరికా సంరక్షణలోనే. హిందూ మహాసముద్రంలో డీగో గార్సియా స్థావరం కోసం బ్రిటన్ చాగోస్ దీవుల ప్రజలను మొత్తంగా ఖాళీ చేయించింది. ఐరోపాతో ఒక రకంగా, మిగతావాళ్లతో ఇంకో రకంగా నడిచిన పెత్తనమిది. గీత దాటితే ఏమవుతుందో తెలియబట్టే చాలా దేశాలు గీత లోపల మర్యాదగా ఉన్నాయి.

భారత్ అనుభవం ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది. 1960ల్లో బడికి వెళ్లిన తెలుగువాళ్లు చాలామంది అమెరికా గోధుమ రవ్వతో చేసిన ఉప్మా, పాలపొడితో కలిపిన పాలు మరచిపోయి ఉండరు. పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయం చట్టం కింద వచ్చిన ఆ ధాన్యంతో కడుపులు నిండాయి. కానీ వియత్నాం యుద్ధం మీద ఢిల్లీ చేసిన విమర్శలు నచ్చని అధ్యక్షుడు జాన్సన్, 1966 కరువులో ఓడలను నెలనెలా లెక్కపెట్టి వదిలాడు. ఆ ఏడాది జూన్‌లో రూపాయి విలువ తగ్గించాల్సి వచ్చింది, డాలరు 4.76 నుంచి 7.50 అయింది. ఒక్క గజం నేల తీసుకోలేదు, ఒక్క సైనికుడు దిగలేదు. ఇప్పుడు గోధుమల స్థానంలోకి వీసా వచ్చింది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు అని ఒక ప్రకటన వెలువడితే, ఆ వారాంతమంతా హైదరాబాద్, విజయవాడ ఇళ్లలో టెన్షనే. ఎవరూ బలవంతంగా తీసుకెళ్లకపోయినా, ఎక్కడో తీసుకున్న నిర్ణయం ఇక్కడి పెళ్లి సంబంధాల దాకా తగులుతుంది.

ఇలా నేల లేకుండానే ఇంత నడుస్తున్నప్పుడు, మళ్లీ నేల మీద కన్నెందుకు? డెన్మార్క్ రాజ్యంలో భాగమైన గ్రీన్‌లాండ్ దీవి తనకు కావాలని అమెరికా అనడంలో అర్థం కానిది ఇదే. దాని మీద ఆశ కొత్తది కాదు. 1946లో ట్రూమన్ ప్రభుత్వం డెన్మార్క్‌కు 10 కోట్ల డాలర్ల విలువైన బంగారం ఇస్తానంది. డెన్మార్క్ అమ్మలేదు. అయినా 1951లో రక్షణ ఒప్పందం కుదిరింది. దానితో అమెరికాకు అక్కడ కావలసిన సైనిక వెసులుబాటు దాదాపు అంతా వచ్చింది. అక్కడి అమెరికా స్థావరం తూలే విస్తరణ కోసం 1953లో స్థానిక ఇనుయిట్ కుటుంబాలను ఇళ్లు ఖాళీ చేయించి ఉత్తరానికి పంపేసింది కూడా డెన్మార్కే. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక మిగతా స్థావరాలను అమెరికాయే మూసేసుకుంది. ఈ రోజు మరిన్ని పెట్టుకోవాలన్నా ఆ ఒప్పందంలో దారి ఉంది. ఇంకో సంగతి: 1917లో డెన్మార్క్ నుంచి 2.5 కోట్ల డాలర్లకు వర్జిన్ దీవులు కొన్నప్పుడు, గ్రీన్‌లాండ్ అంతటా డెన్మార్క్ తన పాలన విస్తరించుకుంటే అభ్యంతరం లేదని రాసిచ్చింది వాషింగ్టనే.

రెండోసారి గద్దెనెక్కుతూ 2025 జనవరి 20న ట్రంప్ చేసిన ప్రసంగంలో, అమెరికా మళ్లీ భూభాగం పెంచుకునే దేశం అవుతుందన్న మాట ఉంది. 1898 నాటి అధ్యక్షుడు మెకిన్లీ మీద పొగడ్తలూ ఉన్నాయి. దీన్ని ఆధిపత్యానికి పరాకాష్ఠ అనేవాళ్లున్నారు. తిరగేసి చదవడమే సరైనదనిపిస్తుంది. అడిగితే వచ్చేదాన్ని లాక్కుంటామని బెదిరించడం, వందేళ్లకు పైగా కష్టపడి కట్టుకున్న చవక పద్ధతిని వదిలేసి ఖరీదైన పాత పద్ధతికి మళ్లడమే. సుమారు 57,000 మంది ఉన్న గ్రీన్‌లాండ్‌కు స్వతంత్రం కోరే హక్కును 2009 చట్టం గుర్తించింది. కలుపుకుంటే వాళ్లను రాష్ట్రం చేస్తారా, ప్యూర్టోరికో చేస్తారా అన్న 1848 నాటి ప్రశ్నకు ఇప్పుడూ జవాబు లేదు.

ఆ మధ్యలోనే, 2025 జూన్‌లో, డెన్మార్క్ పార్లమెంటు ఇంకో ఒప్పందాన్ని ఆమోదించింది. గ్రీన్‌లాండ్‌లో కాదు, సాక్షాత్తూ డెన్మార్క్ గడ్డ మీదున్న వైమానిక స్థావరాల్లో అమెరికా సైన్యం ఉండటానికి, అక్కడ తప్పు చేసిన అమెరికా సైనికులపై అధికారం చాలావరకు అమెరికాకే వదలడానికి. తన భూభాగంలో కొంత లాక్కుంటానంటున్న దేశానికే డెన్మార్క్ ఇష్టపడి తలుపు తీసింది. కాకపోతే ఈసారి విదేశాంగ మంత్రి ఒక మాట చేర్చాల్సి వచ్చింది: గ్రీన్‌లాండ్‌ను కలుపుకోవడానికి ప్రయత్నిస్తే ఈ ఒప్పందాన్ని రద్దు చేసుకోగలం అని.